ఇవ్వను అనాల్సిన చోట

ఆరేళ్లుగా మా వైపు నా గురించి ఒక మాట తిరుగుతోంది. "పాపం, తమ్ముడికి కిడ్నీ ఇద్దామని ఎల్లింది. తీరా సూత్తే ఆ మనిసి కిడ్నీకే నీల్లు పట్టినాయంట. దేవుడు ఇవ్వనీలేదు." పెళ్లిళ్లలో అంటారు. పరామర్శలకు వెళ్లినచోట అంటారు. ఆటోలో నా ఎదురుగా కూర్చుని, పక్కవాళ్లకు నన్ను చూపించి మరీ అంటారు. నేను తల దించుకుంటాను. దాన్ని వాళ్లు దుఃఖం అనుకుంటారు.

దేవుడికి ఇందులో ఏమీ తెలియదు. ఇవ్వనిది నేను.

రాసి చూస్తే ఇంత చిన్న మాట. ఇన్నేళ్లు మోసింది దీన్నేనా? ఇదేనా తిండి దగ్గర, పని దగ్గర, తమ్ముడి పక్కన కూర్చున్నప్పుడు నా గుండెల మీద కూర్చున్నది?

ఏడుస్తూ రాస్తున్నాననుకోకండి. అబద్ధాన్ని ఇంతకాలం నిబ్బరంగా చెప్పినదాన్ని, నిజాన్ని మాత్రం ఎందుకు నీళ్లు నములుతూ చెప్పాలి? మీరు నాకు ఏమీ కారు. అందుకే మీకు పూర్తిగా చెప్పగలను. మధ్యలో నా తరఫున నేనే వాదించుకోవడం మొదలుపెడితే మీరు పట్టుకోండి. ఆ అలవాటు నాకుంది.

నా పేరు మీకు అక్కర్లేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చూస్తాను. నలభై మంది ఆడవాళ్లు నా మాట మీద పనిచేస్తారు. గుండు పప్పు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి. నా చూపు తప్పదని పేరు. మాట కూడా తప్పదని పేరు. అలాంటి మనిషి ఒక అబద్ధం ఆడితే దాన్ని ఎవరూ తిరగేసి చూడరు. నాకు కలిసొచ్చింది అదే.

నా తమ్ముడు ఢిల్లీశ్వరరావు. ఇంట్లో ఢిల్లీ అంటాం. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఉద్దానంలో మా నాన్న వదిలిపెట్టిన కొబ్బరి చెట్లు, కాస్త జీడితోట చూసుకుంటూ ఊళ్లోనే ఉన్నాడు. నవ్వు మొహం మనిషి. మా వైపు అక్కను అప్ప అంటారు. వాడు నన్ను పిలిస్తే ఆ "అప్పా" అన్న మాటలో చివర కొంచెం సాగేది. పని కావాలంటే ఇంకాస్త సాగేది. మా ఇద్దరి తర్వాత ఒక చెల్లెలు, సరోజ. టెక్కలి దగ్గర ఒక పల్లెటూళ్లో రైతు కుటుంబానికి ఇచ్చాం.

కిడ్నీ జబ్బు గురించి మా ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బాగున్నావా అని అడిగినట్టు "క్రియాటిన్ ఎంతుంది?" అని ఒకరినొకరు రక్తపరీక్ష లెక్క అడిగే వీధులున్నాయి మాకు. ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లంటారు, నేలంటారు, ఎండలో పని అంటారు. మా నాన్న దానితోనే పోయాడు. ఢిల్లీకి ముప్పై ఆరో ఏట కాళ్లు వాచాయి. ఏడాది తిరిగేసరికి డయాలిసిస్ మొదలైంది. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే, కిడ్నీ ఇచ్చేవాళ్లుంటే మారుద్దాం, వయసు చిన్నదే, నిలబడతాడు అన్నారు.

వాడి భార్య పార్వతి గ్రూపు కలవలేదు. మా అమ్మకు పాతికేళ్ల షుగరు. మిగిలింది నేనూ, సరోజా. మా ఇద్దరిదీ ఢిల్లీ గ్రూపే.

ఆ రోజు మా పుట్టింటి వాకిట్లో అందరం ఉన్నాం. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నేను లేచి, "నానిత్తాను. ఇందులో ఆలోసించడానికేటున్నాది?" అన్నాను. ఎవరూ అడక్కముందే అన్నాను. అది నా గుణం. ఏ పనైనా ముందు నేను చెయ్యి పెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. మా అమ్మ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. పార్వతి నా కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆపాను. ఆ క్షణంలో ఇవ్వాలనే అనుకున్నానా, లేక ఇస్తానన్న మాట ఎలా వినబడుతుందో అదే నాకు కావాల్సి వచ్చిందా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో మాత్రం నాకు తెలియదు.

విశాఖలో పరీక్షలు మొదలయ్యాయి. రక్తం కలిసింది. ఇంకేవో కూడా కలిశాయి. ఒకరోజు అక్కడి డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపు వేసింది. "మనస్ఫూర్తిగా ఇస్తున్నారా? ఎవరైనా బలవంతపెట్టారా? మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే నాకు చెప్పండి. మీవాళ్లకు మేమే సర్దిచెప్తాం. కారణం బయటికి రానివ్వం" అంది. చూడండి, ఎంత పెద్ద తలుపు తెరిచిపెట్టిందో. నేనేం చేశాను? "నా తమ్ముడికి నేనివ్వకపోతే ఎవరిస్తారండీ" అని గట్టిగా అన్నాను. బయట బెంచీ మీద కూర్చున్న ఢిల్లీకి వినబడేంత గట్టిగా.

ఆ గదిలోంచి బయటికి వచ్చాక, వరండాలో ఒకామె నడుస్తూ కనిపించింది. భర్తకు కిడ్నీ ఇచ్చి నాలుగు రోజులైందట. పక్కటెముకల కింద చెయ్యి ఆనించుకుని, గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేస్తోంది. నన్ను చూసి నవ్వింది కూడా. బాగానే ఉంది ఆమె. ఆమెను చూసి భయపడాల్సింది ఏమీ లేదు. కానీ నాకు అప్పుడు మొదలైంది. ఉద్దానం మట్టిలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న పోయాడు. తమ్ముడికి వచ్చింది. రేపు నాకూ వస్తే? రెండున్నవాళ్లే నిలవడం లేదు, ఒక్కదానితో నేనెన్నాళ్లు? నా కూతురు అప్పుడు ఇంటర్ చదువుతోంది. మా ఆయన "నీ ఇట్టం, నానడ్డు సెప్పను" అని ఊరుకున్నాడు. వద్దని అని ఉంటే ఆయన మీదకు నెట్టేసేదాన్నేమో. ఆ వీలు కూడా లేకపోయింది.

ఈ భయం తప్పని నేననుకోవడం లేదు. మీరూ అనుకోకండి. భయపడి ఇవ్వనని చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్లు చెడ్డవాళ్లు కారు. నేను చేసింది వేరు.

తర్వాత రంగు మందు ఎక్కించి పెద్ద స్కాన్ తీశారు. రెండు రోజులకు డాక్టరమ్మ మళ్లీ నన్ను పిలిచింది. కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి, చుట్టూ పెన్నుతో ఇంకో గీత గీసింది.

"మీ ఎడమ కిడ్నీ చుట్టూ పల్చగా నీరు చేరింది. కంగారు పడకండి, ఇది మీ ఉద్దానం జబ్బు కాదు. మీ కిడ్నీలు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. ఒంట్లో రక్తనాళాలు కాక ఇంకో రకం సన్నటి కాలువలుంటాయి. మిగిలిపోయిన నీటిని పోగుచేసి మళ్లీ రక్తంలో కలుపుతాయి. మీ ఎడమ కిడ్నీ దగ్గర ఆ కాలువలు పుట్టుకతోనే సరిగ్గా కలిసినట్టు లేవు. చాలా అరుదుగా చూస్తాం ఇలాంటిది. కుడివైపు శుభ్రంగా ఉంది" అంది.

ఇవ్వొచ్చా అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేను. సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకు పంపాలి. ఇంకో స్కాన్ తీయాలి. మా వాళ్లందరం కూర్చుని మాట్లాడాలి. వద్దనొచ్చు, సరేననొచ్చు. రెండు వారాల తర్వాత రండి."

ఇక్కడ మీకు నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. నా ఒంట్లో ఏదో తేడా ఉందని తెలిసిన క్షణంలో నాకు భయం వేయలేదు. అమ్మయ్య అనిపించింది. ఆ నీరు నాకు దొరికిన దారిలా అనిపించింది. వద్దనొచ్చు, సరేననొచ్చు అన్న రెండు మాటల్లో మొదటిదాన్ని మాత్రమే నా చెవి పట్టుకుంది. గది తలుపు దాకా ఏడెనిమిది అడుగులుంటాయి. ఆ అడుగుల్లోనే రెండో మాటను వదిలేశాను.

బయట ఢిల్లీ లేచి నిలబడ్డాడు. చేతికి డయాలిసిస్ కట్టు ఉంది. పార్వతి వాడి పక్కన.

"ఏటన్నాదప్పా డాట్రమ్మ?"

"నా కిడ్నీకీ నీల్లు పట్టినాయట్రా. పనికిరాదన్నారు."

పార్వతి బెంచీ మీద కూలబడిపోయింది. నేను వాడి మొహంలోకి చూడకుండా వాడి చొక్కా గుండీ వైపు చూస్తున్నాను. వాడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకేటీ అవదప్పా. నా సంగతొగ్గేయ్. ముందు నువ్వు సూపించుకో. ఇక్కడే సూపించుకుందుమా? ఉండు, నాను డాట్రమ్మని అడగతాను."

"ఒద్దు," అన్నాను. "నాకు మందులిచ్చినారు. ఎల్లిపోదాం. బండి టైమయిపోతంది."

మందులు ఏమీ ఇవ్వలేదు.

పలాస వచ్చేదాకా రైల్లో వాడు నన్ను కిటికీ పక్క కూర్చోబెట్టాడు. గాలి తగులుతుందని. ఎవరికి జబ్బు? ఎవరు ఎవరికి చోటిచ్చారు? ఇవ్వను అని ఉంటే ఢిల్లీ ఏమనేవాడు? బాధపడేవాడు. రెండు రోజులు మాట్లాడేవాడు కాదేమో. కానీ ఆ మాట మీద ఇంట్లోవాళ్లు ఇంకో దారి వెతికేవారు. ఇవ్వలేను అన్నాను. ఒక్క అక్షరం అటూ ఇటూ. ఇవ్వననేది నా మాట అయ్యేది. ఇవ్వలేననేది నా ఒంటి మీదా, దేవుడి మీదా పడింది. పైగా జాలి నాకు దక్కింది.

రెండు వారాలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి ఎత్తి, మావాళ్లు వేరే దాతను చూసుకున్నారండీ అని చెప్పాను. సంతోషం, కానీ మీరు మాత్రం మీ ఆరోగ్యం కోసం ఒకసారి వచ్చి చూపించుకోండి అంది ఫోన్‌లో ఆసుపత్రి అమ్మాయి. ఇంత మంచిగా మాట్లాడినవాళ్లకు కూడా అబద్ధమే చెప్పాను.

దీంతో ఆగితే నా తప్పు ఒకటే అయ్యేది.

నెల తిరక్కుండా సరోజ పలాస వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర భోజనాల వేళ నా కోసం నిలబడింది. చెయ్యి పట్టుకుని చెట్టు కిందకు తీసుకెళ్లింది. అప్పటికి దానికి ఇద్దరు చిన్నపిల్లలు. తను ఇస్తానంటోంది. మొగుడు సరేనన్నాడట. అత్తగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. పెద్దదానికే కిడ్నీలో నీళ్లు పట్టాయంటే అది వాళ్ల రక్తంలోనే ఉంది, రేపు నీకూ పడితే ఈ పిల్లలెవరికి అంటోందట.

"అప్పా, నాకూ అలాగే ఉంటాదేటి? నువ్వొక్క మాట సెప్పు. నీది వేరు, నాది వేరు అని నువ్వు సెప్పినావంటే ఇంకెవుల మాటా ఇనను. బేగి ఎల్లి పరీచ్చ సేయించుకుంతాను."

చెప్పాల్సిన మాట దాని నోటితోనే నాకు అందించింది. నీది వేరు, నాది వేరు. అది అబద్ధం కూడా కాదు. కానీ సరోజ వెళితే ఆ డాక్టరమ్మ దాన్ని అడుగుతుంది, మీ అక్కగారు మళ్లీ రాలేదేం అని. నా మాట బయటపడుతుంది. తమ్ముడి ప్రాణం ఒక పక్క, నా మాట ఒక పక్క. ఇంత స్పష్టంగా ఆ వేళ ఆలోచించానా అంటే, ఆలోచించాను. మనిషికి భయం వేసినప్పుడు బుర్ర పనిచేయదంటారు. నాది చాలా బాగా పనిచేసింది.

"ఏమోనే సరోజా," అన్నాను. "ఒక కడుపున పుట్టినోలం. సిన్నపిల్లలున్నోలివి. ఆలోసించుకో."

అది కళ్లు తుడుచుకుని, పిల్లలు బడినుంచి వచ్చే వేళైందని బస్సెక్కింది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం ఢిల్లీ పేరు రాయించాం. వంతు రాలేదు.

ఢిల్లీ నాలుగేళ్లు బతికాడు. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు ఊరి నుంచి ఆటోలో పలాస వచ్చేవాడు. ఆసుపత్రి మా ఫ్యాక్టరీకి దగ్గరే. భోజనం మానుకుని వెళ్లి వాడి మంచం పక్కన కూర్చునేదాన్ని. ఒక్క రోజు తప్పలేదు. ఆ నర్సులు అనేవారు, అక్కంటే ఇలా ఉండాలని. వాడికి రోజుకు తాగడానికి కొలిచి పెట్టిన నీళ్లు ఒక చిన్న సీసాడు. పొద్దున్నే నింపుకుని, మూతతో గుక్క గుక్కా కొలుచుకుని తాగేవాడు. తన చెట్టు కొబ్బరినీళ్లు తనే తాగకూడదు. దింపించి నాకు పంపేవాడు, కిడ్నీకి చలవని.

వచ్చిన ప్రతిసారీ ముందు నా సంగతే అడిగేవాడు. మందులు వేసుకుంటున్నావా, వాపు ఉందా, మళ్లీ స్కాన్ ఎప్పుడు. లేని మందుల గురించి నేను జవాబులు చెప్పేదాన్ని. ఒకసారి మెషీన్ మీద పడుకుని నవ్వుతూ అన్నాడు: "మనిద్దరికీ నీల్లతోటే పేసీ వొచ్చిందప్పా. నానేమో తాగకూడదు. నీకేమో తాగకపోయినా పడతన్నాయి." పక్క మంచం ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలా నవ్వాను?

రోజూ వెళ్లింది ప్రేమతోనా, భయంతోనా అని మీరు అడగొచ్చు. ప్రేమ లేకపోతే అంత భయం ఉండేది కాదు. కానీ ఇది కూడా వాదనలాగే ఉంది. వదిలేస్తున్నాను.

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరిన రోజుల్లో, డయాలిసిస్‌కు బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ పడిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. నేను ఆసుపత్రిలో వాడి మంచం దగ్గర కూర్చుని చూస్తున్నాను, ఇవాళ ఆలస్యమైందేమిటా అని. పార్వతి ఫోన్ చేసింది.

అప్పుడు చెప్పాల్సింది. పీనుగ దగ్గర చెప్పలేకపోతే పదో రోజున, కాకపోతే ఏడాదికి. చెప్పలేదు. పార్వతిని మా ఫ్యాక్టరీలో పనికి పెట్టించాను. అందరూ నన్ను ఇంకా మెచ్చుకున్నారు.

పోయిన ఏడాది నాకు ఎడమ పక్క బరువుగా మొదలైంది. వంగితే ఏదో నిండు కుండ అడ్డం పడినట్టుండేది. బీపీ పెరిగింది. విశాఖలోనే ఇంకో ఆసుపత్రికి వెళ్లాను. నడి వయసు డాక్టరు. స్కాన్ చూసి, సన్నటి గొట్టం వేసి నీరు తీశారు. లేత పసుపు నీరు. చూస్తూ పడుకున్నాను. నేను అడ్డం పెట్టుకున్నది దీన్నే కదా అనుకున్నాను. కిడ్నీలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయన్నారు. బీపీ మందు వేసుకుంటూ, అప్పుడప్పుడు చూపించుకుంటే సరిపోతుందన్నారు.

లేచి కూర్చుని ఆయన్ను అడిగాను. అప్పట్లో నేను నా తమ్ముడికి ఇవ్వగలిగేదాన్నా?

ఆయన నేను తీసుకెళ్లిన పాత స్కాన్ కూడా చూశారు. చాలాసేపు చూశారు. "ఇప్పుడు నేను చెప్పలేనమ్మా. చాలామంది వద్దనే అంటారు. మిగతావన్నీ బాగుంటే కొందరు ఆలోచించి ఉండేవారేమో. అప్పుడు ఆ రెండో పరీక్ష చేసినవాళ్లే చెప్పగలిగే మాట అది" అన్నారు.

వద్దనే అని ఉంటారని ఆయన నోటి వెంట వినడానికి వెళ్లాను. అది కూడా నాకు దొరకలేదు. తెలుసుకోకుండా పారిపోయినదానికి తెలియకపోవడమే మిగిలింది. న్యాయంగానే ఉంది.

ఇంకోటి కూడా అడిగాను. ఇది కుటుంబంలో వస్తుందా? సాధారణంగా రాదమ్మా, ఎక్కడో ఒకటీ అరా తోబుట్టువుల్లో కనిపించింది, ఎందుకైనా మంచిది, మీ చెల్లెలికి ఒక స్కాన్ తీయించండి అన్నారు.

పార్వతి దగ్గరకు ముందు వెళ్లాను. ఆదివారం, పొద్దెక్కాక. పెరట్లో గునపానికి కొబ్బరికాయలు గుచ్చి పీచు ఒలుస్తోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. డాక్టరమ్మ మాట, బెంచీ దగ్గర నా మాట, ఫోన్లు, గేటు దగ్గర సరోజ, అన్నీ. పార్వతి చేతులు ఆగలేదు. నేను ముగించాక ఇంకో రెండు కాయలు ఒలిచింది. మూడోది చేతిలో పట్టుకుని నావైపు చూసింది.

"సరోజకి సెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్పినావు వొదినా? నాకు సెప్తే ఆయనొత్తాడా?" గొంతు పెంచలేదు. "దానికి సెప్పు ముందు. తనే సంపేసినాననుకుంటంది. ఇక్కడికొచ్చినప్పుడల్లా ఇదిగో, ఈ పెరట్లోనే కూకుని ఏడుత్తాది. అత్త మాట ఇని ఎల్లలేదు, నానే సంపేసినాను అని. పిల్లల మొకాలు ఉబ్బినాయంటే సాలు, నీల్లు పట్టినాయేమోనని ఆసుపత్రులెంట తిరగతాది. నీకు తెల్దేటి?"

తెలియదు. నిజంగా తెలియదు. సరోజ భయపడిందనీ, మర్చిపోయిందనీ అనుకున్నాను. ఈ బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. అందులో కూడా నాకొక గొప్ప ఉండేది. నా తప్పులో సగం ఏ తప్పూ చేయనిదాని నెత్తిన పెట్టి, ఇన్నేళ్లు దాని వైపు తిరిగి కూడా చూడలేదు.

నేను లేస్తుంటే పార్వతి, "ఆయనైతే ఏటనీవోడో నాకు తెల్దు. నానైతే ఇది మర్సిపోను," అంది. మర్చిపొమ్మని నేనడగలేదు.

మర్నాడే టెక్కలి బస్సెక్కాను. సరోజ ఇంట్లో ఒక్కతే ఉంది. చూసి సంబరపడింది, అన్నం పెడతానంది. అన్నం తర్వాత, ముందు విను అన్నాను. నిలబడే విన్నది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"ఆవేల గేటు కాడ... కావాలనే అన్నావా అప్పా?"

"అవునే. కావాలనే అన్నాను."

అది లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంటికొచ్చిన కొత్త మనిషికి పెట్టినట్టు. "బస్సుకేలయిపోద్ది. ఎల్లు," అంది.

నెల రోజులకు నా ఫోన్‌కు ఒక ఫోటో పంపింది. స్కాన్ రిపోర్టు. ఇంగ్లీషు నాకు అంతగా రాదు. మా ఆయనకూ, మా అమ్మాయికీ అప్పటికే అన్నీ చెప్పాను కనుక అమ్మాయి చేతనే చదివించాను. ఎక్కడా నీరు లేదు. రెండు కిడ్నీలూ ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. చదివి మా అమ్మాయి ఫోన్ నా చేతిలో పెట్టి బయటికి వెళ్లింది. ఫోటో కింద సరోజ ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయాల్సింది కూడా లేదు. ఆరేళ్ల కిందట అది ఆ బస్సుకు బదులు విశాఖ బండి ఎక్కి ఉంటే వాళ్లు ఏం చూసేవారో ఆ రిపోర్టులో ఉంది.

నా విషయంలో ఏమోలే అనుకోవడానికి వీలుంది. సరోజ విషయంలో ఆ వీలు లేదు.

ఇప్పుడు సరోజ నా ఫోన్ ఎత్తడం లేదు. పార్వతి ఫ్యాక్టరీలో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడదు. మా అమ్మకు ఇంకా చెప్పలేదు. ఈ వారంలో చెప్తాను. మీకు రాయడం అందుకు సాధన అనుకోండి. ఆవిడ తర్వాత ఇక దాచాల్సినవాళ్లు ఎవరూ ఉండరు.

నన్ను మీరు క్షమించాలని ఇది రాయలేదు. క్షమించాల్సినవాడు లేడు. ఉన్న ఇద్దరూ క్షమించలేదు. వాళ్లు అలా ఉండటమే నాకు సరిగ్గా తోస్తోంది. భయం వేసింది, ఇవ్వను అనాల్సింది. అనలేదు. నా ఒంట్లోని నీటిని సాకు చేసుకుని, లేని జబ్బు చెల్లెలికి అంటగట్టి, తమ్ముడి చేత ఓదార్పు చెప్పించుకున్నాను. ఇది చేసింది ఫలానా మనిషి కాదు, పరిస్థితి కాదు. నేను.

ఇలా చెప్పాక ఒంట్లో ఏదో తేలికపడింది. పడకూడదేమో. పడింది. అది కూడా దాచకుండా చెప్తున్నాను.